అమీరున్నీసా వేడిచేసిన అన్నం

మేము కిరాయికున్న ఇంటి యజమానురాలి పేరు అమీరున్నీసా. నల్గొండ హైదర్‌ఖాన్‌గూడ సందుల్లో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరైనా తెల్లమొహం వేస్తారు. అదే "దేగుల అమ్మ" అంటే ఇంటిదాకా తీసుకొచ్చి దిగబెడతారు. వాళ్ల నాన్న పెళ్లిళ్లకు బిర్యానీ వండే బావర్చీ. దేగు అంటే ఆ బిర్యానీ దించే పెద్ద గుండిగ. కొడుకులు లేని ఆయన చిన్నప్పటి నుంచీ ఈ కూతుర్నే వెంటేసుకుని తిరిగాడు. అందుకని ఆమెకు బడికంటే ముందు పొయ్యి తెలిసింది. అరవై దగ్గరపడినా చుట్టుపక్కల ఇళ్లలో చిన్న చిన్న దావత్‌లకు ఆమే వండేది.

మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. కూరగాయల బండి అతనితో ఆమె బేరమాడుతుంటే కొత్తవాళ్లు కొట్లాట అనుకునేవాళ్లు. నేను ఇల్లు వెతుక్కుంటూ పోయినప్పుడు అంతకుముందు చూసిన నాలుగిళ్లలోనూ ఒకటే ప్రశ్న అడిగారు: "మీరేమోళ్లు?" చెప్పగానే ఇల్లు ఎవరికో మాటిచ్చామనేవారు. ఈమె నన్ను కిందికీ పైకీ చూసి, "నీళ్లు బగ్గ వాడ్తరా?" అంది. "ఇద్దరమే ఖాలా, అమ్మా నేనూ" అన్నాను. "అయితే ఎక్కుండ్రి మీదికి" అని తాళంచెవి చేతిలో పెట్టింది. నా పేరు భాగ్యశ్రీ అని ఆమెకు తెలిసింది సామాన్లు దింపుకున్నాకే.

అమ్మ పేరు మారెమ్మ. మునుగోడు దగ్గరి పల్లెలో పటేలు చేలలో కూలి చేసి నన్ను చదివించింది. బాపు నా చిన్నప్పుడే పోయాడు. నాకు నల్గొండలో సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చి, ఇక అమ్మను కూర్చోబెట్టి తిండి పెడదామనుకునేసరికి ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో చూపించాం. మూడు వారాలకొకటి చొప్పున ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే.

"మందుతో పాటు ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు చిన్న రోగాన్ని కూడా తట్టుకోలేదు. బయటి తిండి వద్దు, రాత్రిది వద్దు. ఏది తిన్నా లోపలిదాకా పొగలు వచ్చేలా వేడిగా ఉండాలి. కడుపులో ఇన్ఫెక్షన్ వస్తే మందు వాయిదా వేయాలి. మందు ఆగితే గడ్డ ఆగదమ్మా."

నేను పొద్దున తొమ్మిదిన్నరకు పోతే సాయంత్రం ఆరింటికి వస్తాను. మొదటి మందు అయ్యాక అమ్మ ఒకరోజు గ్యాసు పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. చప్పుడుకు కింద నుంచి అమీరున్నీసా పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది. ఆ సాయంత్రమే ఆమె, ఆమె భర్త బాబా మియా కలిసి ఒక మైక్రోవేవ్ ఓవెన్‌ను ఆపసోపాలు పడుతూ మెట్లెక్కించి మా వంటగదిలో పెట్టారు. "మాకు అచారు డబ్బలు పెట్టనీకె తప్ప దేనికొస్తాంది ఇది? మీకు పనికొస్తది. వేడిజేస్తది, మంట లేదు" అంది.

ఆ ఓవెన్‌కు ఒక చరిత్ర ఉంది. హైదరాబాద్‌లో ఫ్రిజ్‌లూ టీవీలూ అమ్మే దుకాణంలో పనిచేసే కొడుకు సైఫ్ దాన్ని ఒక రంజాన్‌కు తెచ్చాడు. ఆ వారమే మహబూబ్‌నగర్ నుంచి కూతురు జేబా అత్తగారు వచ్చింది. వియ్యపురాలికి మామూలు పళ్లెంలో ఎలా పెడతారు? పెళ్లినాటి పింగాణీ పళ్లెం, అంచుకు బంగారు గీత ఉన్నది, బీరువాలోంచి తీసి, అందులో బిర్యానీ పెట్టి ఓవెన్‌లోకి తోసింది అమీరున్నీసా. బంగారు గీతకు లోపల చిటపటా మెరుపులు. వియ్యపురాలు "అల్లా అల్లా" అంటూ వాకిట్లోకి పరుగు, బాబా మియా మీటరు దగ్గరికి పరుగు. ఆ రోజు వియ్యపురాలు తిన్నది చల్లటి బిర్యానీయే. మరోసారి సైఫ్ వచ్చినప్పుడు అతన్ని కూర్చోబెట్టి, దాంతో వచ్చిన పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివించుకుందట. అతను మధ్యలో రెండు పేజీలు దాటేస్తే పట్టుకుందట కూడా.

ఇంత తెలిసిన మనిషి, ఓవెన్ తెచ్చిచ్చిన ఆ సాయంత్రం నాకు చెప్పబోయింది. "చూడు బేటీ, ఇండ్ల అన్నం పెట్టేటప్పుడు..." అని ఇంకా మొదలుపెట్టిందో లేదో, నేను అడ్డుపడ్డాను. "మా ఆఫీసుల ఉన్నది ఖాలా, నాకు తెలుసు." మా ఆఫీసులో దానితో చేసేది చల్లారిన టీ వేడిచేసుకోవడం ఒక్కటే. నాకు కోపమూ, అన్నీ తెలుసన్న గర్వమూ రెండూ ముక్కు మీదే ఉంటాయి. ఆమె మెట్లు దిగి వెళ్లింది.

పొద్దున వండి, గాజు డబ్బాలో అన్నం అదిమి పెట్టి, నడుమ గుంట చేసి పప్పు పోసి, ఫ్రిజ్‌లో పెట్టి పోయేదాన్ని. "రెండు నిమిషాలు గీ బటన్ ఒత్తు, కూత పెట్టంగనే తీసుకొని తిను" అని అమ్మకు చెప్పాను. రెండో మందు ఎక్కి ఎనిమిదో రోజు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మకు వాంతులు, విరేచనాలు, కాలిపోయే జ్వరం. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని హైదరాబాద్ పరుగెత్తాం. ఆరు రోజులు దవాఖానలోనే. బతికి బయటపడింది కానీ మూడో మందు రెండు వారాలు వెనక్కి పోయింది. డాక్టరమ్మ నన్నేమీ తిట్టలేదు. "ఇంకోసారి ఇట్లా కావద్దు" అని మాత్రం అంది. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఇంటికి వచ్చిన మర్నాడు నేను అమ్మ మీద పడ్డాను. "బటన్ ఒత్తమంటే ఒత్తినవా లేదా? నిజం చెప్పు."

"ఒత్తిన బిడ్డా. నువ్వు చెప్పినట్లె చేసిన."

నా అరుపు కిందికి వినబడినట్టుంది. అమీరున్నీసా కొంగుతో చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చింది. నావైపు చూడనైనా చూడకుండా అమ్మ పక్కన కూర్చుంది.

"ఆపా, రోజు ఎట్ల చేస్తవో జర నా ముంగట చేసి చూపియ్యి" అంది.

అమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆ పొద్దున నేను పెట్టిన డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి ఓవెన్‌లో పెట్టింది, రెండు నిమిషాలు ఒత్తింది, కూత పెట్టగానే బయటికి తీసింది. అంచున అన్నాన్ని వేలితో ముట్టి, చురుక్కుమనగానే చేయి లాక్కుంది. "కాలుతాంది, మంచిగనే వేడైంది" అంది. నేను కూడా అదే అనేదాన్ని.

అమీరున్నీసా చెంచా తీసుకుని సరిగ్గా నడుమ గుచ్చి, కొంచెం అన్నమూ పప్పూ తీసి నా అరచేతిలో వేసింది. "పట్టు" అంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినంత చల్లగా ఉంది.

నా చిన్నప్పుడు వేడి గంజి పోసి అమ్మ ఎప్పుడూ, "అంచుల పొంటి తాగు బిడ్డా, నడుమ కాలుతది" అనేది. పొయ్యి మీద వండుకు తిన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. పళ్లెంలో ముందు చల్లారేది అంచు. అంచే చేయి కాలుస్తుంటే నడుమ నిప్పే అనుకుంటాం. ఇద్దరం అలాగే అనుకున్నాం.

"గిందుల అంతా ఉల్టా" అంది అమీరున్నీసా. "అంచు ముందు కాలుతది, నడుమది వెనుక. గిట్ల అదిమి పెట్టినంక లోపటికి వేడి ఎట్ల పోవాలె? గోరువెచ్చగుంటే పురుగుకు పండుగ." తర్వాత అమ్మ వైపు తిరిగింది. "ఆపా, అంచుల పొంటి తినుకుంట నడుమకొచ్చినంక సల్లగ తగల్లేదా నోటికి?"

అమ్మ తలొంచుకుంది. "తగిలింది."

"మరి రోజూ గట్లనే తిన్నవా? బిడ్డకు చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె చెల్లె? సల్లగుందని అన్నానికి వంకలు పెట్టాల్నా? పుట్టి బుద్ధెరిగినంక గా మాట అననేలే. పటేలింట్ల రాత్రిది పొద్దుగాల పెడితె తిన్నం, పొద్దుటిది మాపటికి పెడితె తిన్నం. వెనుక గడప కాడ కూసోని, మీది నుంచి పోస్తె పట్టుకున్నం. సల్లగుందంటె రేపు గది గూడ పెట్టరు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. నేను మంచి చెడ్డ తెలిసినదాన్నని, అమ్మకేమీ తెలియదని అరిచాను. నా నిర్లక్ష్యాన్ని నోరెత్తకుండా అన్ని రోజులు మింగిన మనిషి మీద అరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను. అమీరున్నీసా డబ్బా తీసుకుని లేచింది.

"రేపటి సంది పగటి అన్నం నా జిమ్మ. నువ్వు వండిపో బేటీ, వేడిజేసి పెట్టుడు నేను చూసుకుంట."

అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె మెట్లెక్కి వచ్చేది. ముందు నన్ను సరిచేసింది. వండిన అన్నాన్ని గిన్నెలోనే వదిలేయకుండా వెడల్పు పళ్లెంలో పరిచి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టించింది. వేడిచేసే పద్ధతి ఆమెది. డబ్బా కాదు, వెడల్పాటి గాజు పళ్లెం. అన్నాన్ని పల్చగా చేతి గాజులా చుట్టూ పరిచి నడుమ ఖాళీ ఉంచేది. చెంచాడు నీళ్లు చల్లి, ఆవిరి పోయేలా సందు ఉంచి మూత పెట్టేది. సగంలో తీసి అంచుది నడుమకూ నడుమది అంచుకూ కలిపేది. కూత పెట్టాక కూడా తలుపు తీయనిచ్చేది కాదు. "దేగు మంట మీంచి దించంగనే మూత తీస్తమా? దమ్ము మీద పెట్టి ఆగుతం. వేడి దాని పాటికది లోపటికి నడవాలె. మిషినైనా, దేగైనా, అన్నం అన్నమే" అనేది. రెండు మూడు నిమిషాలు ఆగి, ఆవిరి మొహానికి కొట్టకుండా మూతను అవతలి వైపు ఎత్తి, చెంచా నడుమ గుచ్చి మణికట్టు మీద పెట్టుకుని చూసేది. సైఫ్ వేడి కొలిచే సూది ఒకటి తెచ్చిచ్చాడు. అదీ గుచ్చేది, కానీ సూది అంకె చూపేలోపే ఆమె మణికట్టు చెప్పేసేది. ఉడికించిన గుడ్డును ఎప్పుడూ ముక్కలు కోసే పెట్టేది. నిండు గుడ్డు లోపల బాంబులా పేలుతుందని పుస్తకంలో ఉందట. పళ్లెంలో మిగిలింది మళ్లీ ఫ్రిజ్‌లోకి పోయేది కాదు, ఆమె కోళ్లకు పోయేది. ఆ నెలల్లో హైదర్‌ఖాన్‌గూడలో బాగా బలిసినవి ఆ కోళ్లే.

మూడో మందు ఎక్కింది, నాలుగోదీ తారీఖుకే ఎక్కింది. ఈలోగా రంజాన్ వచ్చింది. బయట ఎండలు మండుతున్నాయి. చుక్క నీళ్లు ముట్టకుండా ఆమె మెట్లెక్కి వచ్చి పొగలు కక్కే పళ్లెం ముందు నిలబడుతుంటే అమ్మ తట్టుకోలేకపోయింది.

"ఉపాసముండి నాకు చేసిపెట్టుడేంది చెల్లె? పాపం తగుల్తది నాకు."

"ఉపాసం నా నోటికి ఆపా, చేతులకు గాదు. తిను. ఎట్లుంది?"

"మంచిగుంది."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒకరోజు నాకు పొద్దున ఆలస్యమైతే పప్పు కూడా అమీరున్నీసానే వండింది. రోజా ఉపవాసం కాబట్టి ఉప్పు చూసే వీల్లేదు. సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక మిగిలిన ఆ పప్పు నోట్లో పెట్టుకున్నదట. ఆ నిమిషమే మెట్ల మీద ఆమె గొంతు వినబడింది, మనిషి ఆ తర్వాత వచ్చింది.

"ఒక్క రవ్వ ఉప్పు లేదు పప్పుల! ఎట్లుందంటె మంచిగుందంటివి!"

అమ్మ నవ్వబోయింది. "ఉప్పు లేకుంటె ఏమైతది చెల్లె..."

"ఉప్పు లేకుంటె ఏం గాదు. నడుమ సల్లగుంటె? అప్పుడు గూడ మంచిగుందనే తింటవు! నేనుండంగ నేను చూస్త. నేను లేనినాడు నీ పానం ఎవరు చూడాలె? సల్లగుంటె సల్లగుందను ఆపా. గది వంక పెట్టుడు గాదు, గది గూడ దవానే, మందే." అని కళ్లు తుడుచుకుంది. అమ్మ సరే అనలేదు.

ఆమె లేని ఆ రోజు రానే వచ్చింది. ఐదో మందు ఎక్కి తొమ్మిది రోజులైంది. తెల్లకణాలు బాగా పడిపోయే రోజులవే. ఆ పొద్దున మహబూబ్‌నగర్ నుంచి ఫోను: జేబాకు నెల ముందే నొప్పులు వచ్చాయి, అవి ఆపడానికి దవాఖానలో చేర్పించారు. తల్లి పోక తప్పదు. నాకా, సెలవులన్నీ అయిపోయాయి. ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. అమీరున్నీసా బుర్ఖా వేసుకుంటూనే బాబా మియాకు పద్ధతంతా అప్పజెప్పింది, రెండుసార్లు తిరిగి చెప్పించుకుంది.

బాబా మియా మంచి మనిషి, కానీ తొందర మనిషి. ప్రకాశం బజారులో దర్జీ దుకాణం. ఆయన చేయి కత్తెర మీద ఉన్నా భోజనం మీద ఉన్నా ఒకటే వేగం. అంతకన్నా నా భయం అమ్మ గురించి. ఆమె అమీరున్నీసాను చెల్లె అనగలిగింది కానీ బాబా మియా కనబడితే ఈ జబ్బులో కూడా మంచం దిగి నిలబడేది. "సాబ్" అనేది తప్ప ఇంకో మాట కలిపేది కాదు. ఇంటి యజమాని, పైగా మగమనిషి. తన చేత్తో పళ్లెం తెచ్చి ఇస్తే, అది చల్లగా ఉందని మా అమ్మ అంటుందా? మొదటి రెండు రోజులు ఆఫీసులో కాగితాలు నా కళ్లకు ఆనలేదు. సాయంత్రం వచ్చి అమ్మ నుదురు పట్టుకుని చూసుకునేదాన్ని.

మూడో రోజు ఆఫీసు బీరువా తాళాలు ఇంట్లో మరిచిపోయి మధ్యాహ్నం వచ్చాను. మెట్లు సగం ఎక్కేసరికి ఓవెన్ కూత వినబడింది. వెంటనే తలుపు తీసిన చప్పుడు. ఆగలేదు, దమ్ము లేదు, ఏమీ లేదు.

"తీసుకో అక్కా, పొగలొస్తున్నయ్" అంటున్నాడు బాబా మియా.

పళ్లెం కింద పెట్టిన చప్పుడు. చెంచా గాజుకు తగిలిన చప్పుడు. నేను కేకేద్దామని నోరు తెరిచాను.

"సాబ్..." అంది అమ్మ.

"ఏందక్కా?"

నేను మెట్టు మీదే ఆగిపోయాను.

"నడుమ సల్లగుంది." మాట అక్కడితో ఆగలేదు. "జర కలిపి మల్ల పెట్టుండ్రి. కూత పెట్టినంక తలుపు తియ్యకుండ్రి. దమ్ము పట్టాలె."

"అరె, మాఫ్ చెయ్యక్కా. దుకాణంల గిరాకీని కూసోబెట్టి వచ్చిన, గందుకె తొందరవడ్డ."

"కూసోనియ్యుండ్రి" అంది అమ్మ. "గాయిన బట్టలు జర ఆగినా ఏం గాదు. నా అన్నం వేడి గావాలె."

నేను ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. అరవై ఏళ్ల మా అమ్మ నోట "నా అన్నం" అన్న మాట అంతకుముందు నేను వినలేదు. ఓవెన్ మళ్లీ మొదలైన చప్పుడు వింటూ అక్కడి నుంచే మహబూబ్‌నగర్‌కు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది అమీరున్నీసా.

"ఏమైంది? ఆపాకు జ్వరమొచ్చిందా?"

"లేదు ఖాలా. అన్నం సల్లగుందని చాచాతోని మల్ల వేడి చేపిస్తాంది."

ఆమె వెనక ఎక్కడో పసిబిడ్డ సన్నగా ఏడుస్తోంది. "యా అల్లా, షుకర్ హై" అంది. "పొద్దుగాల మనవరాలు పుట్టింది బేటీ. చిన్నగున్నది, కానీ మంచిగున్నది. గిప్పుడు నాకు రెండు దిక్కుల ఫికర్ తీరింది."

ఆరో మందు తారీఖు తప్పకుండా ఎక్కింది. ఆ తర్వాత ఆపరేషను, అదీ బాగా జరిగింది. డాక్టరమ్మకూ, మందు కనిపెట్టిన మహానుభావులకూ రోజూ దండం పెట్టుకుంటాను. వాళ్లతో పాటు అమీరున్నీసాకు కూడా. ఆమె మా అమ్మకు అన్నం వేడి చేసి పెట్టింది. అంతకన్నా పెద్ద పని, వేడి అన్నం అడిగే హక్కు తనకుందని మా అమ్మను ఒప్పించింది. కన్నకూతుర్ని, అంత చదివినదాన్ని, నాకు ఆ పని చేతకాలేదు.

మేమిప్పటికీ ఆ మేడ మీదే ఉంటున్నాం. అమ్మ ఇప్పుడు తిండి దగ్గర నన్ను బాగా సతాయిస్తుంది. ఉప్పు తక్కువంటుంది, పప్పు ఉడకలేదంటుంది, అన్నం సల్లగుందంటుంది. నేను పళ్లెం తీసుకుని లేస్తాను, కలుపుతాను, మళ్లీ పెడతాను.